డబ్లిన్ జవాబులు: ఆ వీధిలో అద్దె కట్టినవాళ్ళు

పోయిన నెల ఈ శీర్షికలో డబ్లిన్ నగరంలో ఉత్తరం వైపున్న హెన్రియెట్టా స్ట్రీట్ గురించి రాశాను. ప్రభువుల కోసం కట్టిన మేడలు, తర్వాత గదికో కుటుంబం చొప్పున కూలీనాలీ జనం బతికిన మేడలు. ఇక్కడి జీతాల గురించి, వీసాల గురించి రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఆ వీధికే ఇచ్చేస్తున్నాను. ముందే ఒక మాట. నేను చరిత్ర లెక్చరర్ని కాను, నర్సుని. మాది విజయనగరం. ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ వీధికి నడిచివెళ్ళేంత దూరంలో ఉన్న ఆసుపత్రిలో చాలాకాలం నైట్ డ్యూటీలు చేశాను. ముసలివాళ్ళకు రాత్రిపూట నిద్రపట్టదు, కబుర్లు చెబుతారు. ఈ వీధి మీద నాకు ఆసక్తి పుట్టింది అలాగే. మిగతాది పుస్తకాలు చూసి, ఆ ఇంటికి పదేపదే వెళ్ళి తెలుసుకున్నది.

ప్రశ్న: 14వ నంబరు ఇంట్లో నూరుమంది ఉండేవాళ్ళని రాశారు. ప్రభువులు వదిలేసి వెళ్ళిపోతే పేదవాళ్ళు ఆక్రమించుకున్నారా? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆక్రమణ ఏమీ లేదమ్మా. ఆ నూరుమందిలో ప్రతి కుటుంబమూ వారం వారం అద్దె కట్టింది. కథంతా ఆ అద్దెలోనే ఉంది.

1720లలో లూక్ గార్డినర్ అనే బ్యాంకరు ఈ స్థలం తీసుకుని వీధి వేశాడు. ప్లాట్లు వేసి పెద్దమనుషులకు అమ్మే వ్యాపారం అప్పటికే ఉందన్నమాట. 14వ నంబరు ఇల్లు 1740ల చివర్లో లేచింది. అందులో మొదట కాపురమున్నది రిచర్డ్ మోల్స్‌వర్త్ అనే వైకౌంటు బిరుదున్న ప్రభువు, సైన్యంలో పెద్ద హోదా ఉన్న మనిషి. ఎత్తైన గదులు, సీలింగు నిండా సున్నపు అల్లికలు, బంతులాటకు సరిపోయేంత మెట్ల హాలు. అప్పట్లో డబ్లిన్‌కి సొంత పార్లమెంటు ఉండేది కాబట్టి, సమావేశాలు జరిగే రోజుల్లో ఉండడానికి ఊళ్ళో ఒక మేడ కావాలి. 1801లో ఐర్లండుని బ్రిటన్‌తో కలిపేసి పార్లమెంటుని లండన్‌కి పట్టుకుపోయారు. ప్రభువులు దాని వెనకే వెళ్ళిపోయారు. వీధి లాయర్ల చేతికొచ్చింది.

1850లలో ఇదే ఇంట్లో ఒక కోర్టు నడిచింది. బంగాళాదుంప పంట కుళ్ళిపోయి వచ్చిన మహా కరువు తర్వాత, అప్పుల్లో మునిగిన జమీందారుల భూముల్ని అమ్మిపెట్టే కోర్టు అది. నాకు ఈ సంగతి దగ్గర మనసు ఆగిపోతుంది. పల్లెల్లో భూములు ఆ ఇంట్లో చేతులు మారాయి. బతుకుతెరువు లేక అలాంటి పల్లెల నుంచి పట్నానికి వచ్చిన జనాల తరవాతి తరాలు అదే ఇంట్లో గదులు అద్దెకు తీసుకున్నాయి. కోర్టు వెళ్ళాక కొన్నాళ్ళు సైనికుల బ్యారక్‌గా ఉంది. ఆ తర్వాత థామస్ వాన్స్ అనే ఆయన కొన్నాడు. 1877లో పేపరు ప్రకటన కూడా వేయించాడు: మర్యాదస్తులైన కుటుంబాలకు గదులు అద్దెకు ఇవ్వబడును, గ్యాసు ఉంది, మెట్ల మలుపుల్లో మరుగుదొడ్లున్నాయి, వార్ట్రీ నది నుంచి వచ్చే నీళ్ళున్నాయి, బట్టలారేసుకునే పెరడుంది, ప్రతి వాటాకీ వంటకు పొయ్యి ఉంది అని. చదివితే మన అపార్టుమెంటు బ్రోచరు గుర్తొస్తుంది. ఆ ఒక్క ఇంటినీ పంతొమ్మిది వాటాలు చేశాడు. పెద్ద మెట్లదారి ఉన్నచోట గదులు వస్తాయని ఆ మెట్లని పీకించేశాడు.

ఆ తర్వాత మరమ్మతులు తగ్గాయి, మనుషులు పెరిగారు. 1911 నాటికి ఆ ఇంట్లో 17 కుటుంబాలు, నూరుమంది. వీధి మొత్తానికి పదిహేను ఇళ్ళలో ఎనిమిది వందలకు పైగా. ఊరంతటా చూస్తే ఒక్క గదిలో సంసారం చేసే కుటుంబాలు 20,000 దాటాయి. ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీలు తక్కువ. బెల్ఫాస్టులోలాగా ఓడలు కట్టే పని, నార మిల్లులు ఇక్కడ లేవు. గిన్నెస్ బీరు, జాకబ్స్ బిస్కెట్లు, రేవు. రేవులో పని ఏ రోజుకారోజే. పొద్దున్నే మేస్త్రీ నిలబడి పేర్లు పిలుస్తాడు, పిలిస్తే పని, లేకపోతే ఇంటికి. మామూలు కూలీకి వారమంతా పని దొరికితే వచ్చేది దాదాపు 18 షిల్లింగులు. ఆ సంపాదనతో రెండో గది ఎవరు తీసుకోగలరు?

ప్రశ్న: మన వి.వి. గిరి గారు డబ్లిన్‌లో చదువుకున్నారని పాఠాల్లో చెప్పేవాళ్ళం. ఆయనకీ ఈ వీధికీ ఏమైనా సంబంధం ఉందా? (బొబ్బిలి నుంచి రిటైరైన మాస్టారు)

జవాబు: మంచి ప్రశ్న మాస్టారూ. అడిగినవారు బొబ్బిలివారు కావడం ఇంకా బాగుంది, ఎందుకో చివర్న చెబుతాను.

హెన్రియెట్టా స్ట్రీట్ అవతలికి దారిలేని వీధి. గుండ్రాళ్ళు పరిచిన ఆ వీధిలో లోపలికి నడిస్తే చివర ఒక పెద్ద రాతి కమాను ఎదురవుతుంది. అదే కింగ్స్ ఇన్స్, ఐర్లండులో బారిస్టర్లను తయారుచేసే సంస్థ. లా చదివేవాళ్ళు అక్కడి భోజనశాలలో లెక్కప్రకారం డిన్నర్లు తింటేగాని బారిస్టరు కాలేరు, ఆ ఆచారం పాతది. బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో డబ్లిన్ వచ్చి, యూనివర్సిటీ కాలేజీలోనూ ఈ కింగ్స్ ఇన్స్‌లోనూ చదివారు. అప్పటికాయన ఇరవై ఏళ్ళు నిండని కుర్రాడు. లోపల వెండి చెంచాలతో భోజనం. బయట అదే గోడ పక్కన గదికో సంసారం.

ఆయన వచ్చిన ఏడాది కూడా మామూలుది కాదు. 1913 ఆగస్టు 26న ట్రాము కార్మికులు ఎక్కడి బండ్లు అక్కడ ఆపేసి దిగిపోయారు. వాళ్ళ నాయకుడు జేమ్స్ లార్కిన్. ట్రాము కంపెనీ యజమాని విలియం మార్టిన్ మర్ఫీ మిగతా యజమానుల్ని కూడగట్టుకుని, యూనియన్లో ఉన్నవాళ్ళకు పని లేదు పొమ్మని గేట్లు వేయించాడు. వేలమంది కొన్ని నెలల పాటు పస్తులున్నారు. ఇంగ్లండు కార్మికులు పంపిన తిండి సరుకుల ఓడ సెప్టెంబరు చివర్లో రేవుకొచ్చింది. చివరికి 1914 మొదట్లో కార్మికులు ఓడిపోయి వెనక్కి వెళ్ళారు. కానీ ఆ ఊళ్ళో కూలివాడు తలెత్తి మాట్లాడడం అప్పటి నుంచే మొదలైందని ఇక్కడి పెద్దలు అంటారు.

1916 ఏప్రిల్లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు వచ్చింది. గిరి గారు చదివిన కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే థామస్ మెక్‌డొనా ఆ తిరుగుబాటు నాయకుల్లో ఒకరు. మే నెలలో ఆయన్ని కాల్చి చంపారు. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీకి గాయాలతో నిలబడే ఓపిక లేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. గిరి గారు జూన్‌లో బారిస్టరు అయ్యారు, జులై 1లోగా దేశం వదలమని ప్రభుత్వం నోటీసిచ్చింది. మనదేశం వచ్చి ఆయన ఎంచుకున్నది రైల్వే కార్మికుల్ని. బెంగాల్ నాగపూర్ రైల్వేలో 1928 నాటి సమ్మె వెనక ఆయనే ఉన్నారు. 1937 ఎన్నికల్లో ఓడించింది ఎవరినో మీకు నేను చెప్పక్కర్లేదు, బొబ్బిలి రాజావారినే!

ప్రశ్న: నూరేళ్ళ కిందట ఒక అద్దెయింట్లో ఎవరెవరున్నారో అంత కచ్చితంగా ఎలా తెలిసింది? (హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: జనాభా లెక్కల కాగితాల వల్ల. 1911 ఏప్రిల్ 2 రాత్రి ఇంట్లో ఎవరెవరు పడుకున్నారో ఇంటిపెద్ద తన చేత్తో రాసి ఇవ్వాలి. ఆ కాగితాల్ని తర్వాత పోలీసు కానిస్టేబులు వచ్చి పట్టుకెళ్తాడు. రాయడం రానివాళ్ళు గుర్తు పెడితే పక్కన సాక్షి సంతకం ఉంటుంది. ఐర్లండు నేషనల్ ఆర్కైవ్స్ ఆ కాగితాలన్నిటినీ ఫొటోలు తీసి ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టింది. వీధి పేరు కొట్టి, ఇంటి నంబరు నొక్కి, ఒక్కో గది వాళ్ళ చేతిరాత మీరు హైదరాబాద్‌లో కూర్చుని చూడొచ్చు. అంతకు ముందు లెక్కల్లో చాలావాటికి ఆ అదృష్టం లేదు. కొన్నిటిని ప్రభుత్వమే నాశనం చేయించింది, కొన్ని 1922లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు రికార్డుల భవనంతో పాటు తగలబడిపోయాయి.

ఆ కాగితాన్ని ఒకసారి నెమ్మదిగా చదవండి. పేరు, ఇంటిపెద్దకు ఏమవుతారు, మతం, చదవడం రాయడం వచ్చా, వయసు, పని, పెళ్ళయిందా, ఏ జిల్లాలో పుట్టారు, ఐరిష్ భాష వచ్చా. ఇవన్నీ మామూలే. పెళ్ళయిన ఆడవాళ్ళ వరసలో మాత్రం మరో మూడు గళ్ళున్నాయి. పెళ్ళయి ఎన్నేళ్ళు? ప్రాణంతో పుట్టిన పిల్లలెంతమంది? ఇప్పుడు ఉన్నవాళ్ళెంతమంది? ఈ చివరి రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకటే ఉన్న తల్లిని వెతుక్కోవాల్సి వచ్చింది నాకు. మొగుడు రాసిన కాగితంలో ఒక్కోచోట ఆ అంకెని కొట్టేసి మళ్ళీ రాసి ఉంటుంది. పక్కనున్న భార్యని అడిగి దిద్దుకున్నాడేమో. ఒక ఇంటి పేర్లన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే పనులు కూడా కనిపిస్తాయి: పోర్టర్లు, పనిమనుషులు, వడ్రంగులు, పెయింటర్లు, దర్జీలు, పోస్ట్‌మన్. బొత్తిగా గతిలేనివాళ్ళ వీధి కాదిది, పనిచేసేవాళ్ళ వీధి. వీళ్ళకంటే అధ్వాన్నంగా బతికినవాళ్ళు ఇదే ఊళ్ళో ఇంకా ఉన్నారు.

ప్రశ్న: ఏం తినేవాళ్ళు? (రాజోలు)

జవాబు: రొట్టె, టీ. మళ్ళీ రొట్టె, టీ. చేతిలో డబ్బులుంటే రొట్టె మీద మాంసం వేపగా మిగిలిన కొవ్వు. హెర్రింగ్ చేపలు చవక. పంది కాళ్ళు. వీటన్నిటికీ రాణి 'కాడిల్': సాసేజీలు, పందిమాంసం ముక్కలు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు నీళ్ళలో వేసి, సన్న సెగ మీద గంటలకొద్దీ మరగనిస్తారు. కాథలిక్కులు శుక్రవారం మాంసం ముట్టరు కాబట్టి మిగిలినవన్నీ గురువారం రాత్రి ఇందులో పడేవట. పోపు లేదు, కారం లేదు, రంగు లేదు. డబ్లిన్ వాళ్ళు దాన్ని తలుచుకుని కళ్ళు మూసుకుంటారు. నేనూ తిన్నాను, మర్యాద కోసం.

ప్రశ్న: ఆడవాళ్ళ సంగతేమిటి? నీళ్ళు, స్నానాలు, కాన్పులు ఆ ఒక్క గదిలోనేనా? మీరు నర్సు కదా, వివరంగా రాయండి. (తణుకు నుంచి ఒక గృహిణి)

జవాబు: రాస్తాను. ఇదే నాకు బాగా తెలిసిన భాగం.

చాలా టెనెమెంట్లలో (గదికో కుటుంబం చొప్పున అద్దెకిచ్చిన ఇలాంటి ఇళ్ళని అలా అంటారు) నీళ్ళ కొళాయి కింద పెరట్లో. మరుగుదొడ్డి కూడా అక్కడే, ఒకటో రెండో, ఇంటిల్లిపాదికీ. గది మూడో అంతస్తులో. మంచినీళ్ళ బకెట్టు పైకి మోయాలి, రాత్రి వాడిన బకెట్టు తెల్లారి కిందికి మోయాలి, అదీ పొరుగువాళ్ళు మెట్లెక్కుతుండగా. బొగ్గు పైకి, బూడిద కిందికి. శనివారం రాత్రి రేకు తొట్టి గది మధ్యకి వస్తుంది. పొయ్యి మీద కాచిన నీళ్ళు పోసి, పిల్లల్ని వరసగా అదే నీళ్ళలో ముంచి తీస్తారు. తెల్లారితే ఆదివారం, చర్చికి వెళ్ళాలి.

చర్చి అంటే మొగుడి సూటు గుర్తొచ్చింది. ఇంట్లో విలువైన వస్తువు అదొక్కటే. సోమవారం పొద్దున్న భార్య దాన్ని మూటగట్టుకుని తాకట్టు కొట్టుకి పోతుంది, ఆ డబ్బుతో వారం గడుస్తుంది. శనివారం కూలి డబ్బులు రాగానే విడిపించుకొస్తుంది. మళ్ళీ సోమవారం. సూటు ఆయనది, దాన్ని తాకట్టు పెట్టేదీ విడిపించేదీ ఆవిడ. మధ్యలో ఎవరైనా చచ్చిపోయి బుధవారం అంత్యక్రియలంటే చావొచ్చి పడిందన్నమాటే. రేవు కూలీలకు జీతం సారా కొట్లో ఇచ్చే పద్ధతి కూడా ఉండేది, దాన్ని మాన్పించడానికి లార్కిన్ పోరాడాడు. జీతం కొట్లో ఇస్తే ఇంటికి ఎంత వస్తుందో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా?

కాన్పులు. ఆ వీధికి దగ్గర్లోనే రొటుండా ఉంది, 1745లో మొదలైన కాన్పుల ఆసుపత్రి, ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి నుంచి మంత్రసానులు, డాక్టరు చదువులు చదివే కుర్రాళ్ళు టెనెమెంట్లకు వెళ్ళి గదుల్లోనే కాన్పు చేసేవాళ్ళు. వాళ్ళకంటే ముందు అందేది మాత్రం అదే మెట్ల మీద ఉండే ఒక పెద్దావిడ. డిగ్రీ లేదు, చెయ్యి తిరిగిన మనిషి. పుట్టిన బిడ్డకు నీళ్ళు పోసేదీ ఆవిడే, పోయినవాళ్ళకు స్నానం చేయించి బట్టలు మార్చి పడుకోబెట్టేదీ ఆవిడే. మా వార్డుకొచ్చిన ఒక పెద్దావిడ తాను డ్రాయింగ్ రూములో పుట్టానని ఠీవిగా చెప్పేది. నిజమే, అది ప్రభువుల కాలపు డ్రాయింగ్ రూమే. అందులో వీళ్ళ సంసారమంతా ఒక పక్క, గుడ్డ తెర అవతల ఇంకో మంచం. బిడ్డ కళ్ళు తెరవగానే కనిపించేది సున్నంతో చేసిన తీగలూ పువ్వులూ.

క్షయ గురించి రాయకపోతే నా ఉద్యోగానికి ద్రోహం. కిటికీలు మూసిన గదిలో ఒకరు దగ్గితే అందరూ పీల్చాలి. పసిపిల్లల కోసం కాథ్లీన్ లిన్ అనే డాక్టరమ్మ తన స్నేహితురాలు మేడలిన్ ఫ్రెంచ్ మలెన్‌తో కలిసి 1919లో సెయింట్ అల్టన్స్ ఆసుపత్రి పెట్టింది. ఐర్లండులో బి.సి.జి. టీకా మొదట వేసింది అక్కడే, 1937లో, డొరొతీ స్టాప్‌ఫర్డ్ ప్రైస్ అనే డాక్టరు. 1948లో ఆరోగ్యమంత్రి అయిన నోయెల్ బ్రౌన్ క్షయతో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నవాడు. శానిటోరియాల్లో మంచాలు పెంచే పని మీద ఆయన కూర్చున్న తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకొక్క ముచ్చట. 14వ నంబరు నడవ గోడలు కింద సగం ఎరుపు, పై సగం నీలం. ఎరుపు, గొర్రెలకు గుర్తులేసే ఎర్రమన్ను, మన జాజు లాంటిది. నీలం రెకిట్స్ బ్లూ, అంటే తెల్లబట్టలకు పెట్టే నీలిమందు. మన దగ్గర రాబిన్ బ్లూ అమ్మిందీ ఆ కంపెనీయే. పండక్కి సున్నంలో నీలిమందు కలిపి గోడలకు కొట్టిన ఇంట్లో పెరిగినదాన్ని కదా, ఆ నడవలో నాకు కొత్తేమీ అనిపించలేదు.

ప్రశ్న: అంత పాత ఇళ్ళు కూలిపోలేదా? (విజయవాడ)

జవాబు: కూలాయి, మనుషుల మీదే కూలాయి. 1913 సెప్టెంబరు 2 రాత్రి, హెన్రియెట్టాకు కాస్త దూరంలో ఉన్న చర్చ్ స్ట్రీట్‌లో 66, 67 నంబర్ల ఇళ్ళు ఒక్కసారిగా కుప్పకూలాయి. ఏడుగురు పోయారు. వాళ్ళలో యూజిన్ సామన్ అనే పదిహేడేళ్ళ కుర్రాడున్నాడు. యూనియన్ వదలనన్నందుకు బిస్కెట్ ఫ్యాక్టరీ పని పోయి ఇంట్లో ఉన్నాడు. తోబుట్టువుల్ని బయటికి లాగి, నాలుగేళ్ళ చెల్లి ఎలిజబెత్ కోసం మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఇద్దరూ రాలేదు.

గొడవయ్యాక విచారణ వేశారు. 1914లో వచ్చిన నివేదిక చదివితే కడుపు మండుతుంది. ఈ ఇళ్ళని తనిఖీ చేయాల్సిన నగర కార్పొరేషన్లో కొందరు సభ్యులే ఈ ఇళ్ళకు ఓనర్లు. పైగా బాగుచేశామని చెప్పి పన్నులో రాయితీలు పొందినవాళ్ళు. హెన్రియెట్టా స్ట్రీట్‌లో చాలా ఇళ్ళని కొనుక్కున్న జోసెఫ్ మీడ్ అయితే ఏకంగా డబ్లిన్ మేయరుగా చేసిన మనిషి. చట్టం లేక కాదు ఇళ్ళు కూలింది, చట్టం కూడా అద్దె వసూలు చేసుకుంటోంది కాబట్టి.

అక్కడితో ఆగలేదు. యాభై ఏళ్ళ తర్వాత, 1963 జూన్ 2న, మన వీధి మొదట్లో ఉన్న బోల్టన్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు కూలి ముసలి దంపతులు పోయారు. పది రోజులకి ఫీనియన్ స్ట్రీట్‌లో ఇంకో ఇల్లు కూలి, దారిన పోతున్న ఇద్దరు చిన్నపిల్లలు పోయారు. అప్పుడు పరుగులు పెట్టి ప్రమాదకరమైన ఇళ్ళన్నీ ఖాళీ చేయించారు. ఆ హడావిడిలోంచి వచ్చినవే బాలీమన్ టవర్లు, పదిహేనేసి అంతస్తులవి ఏడు. 1916 తిరుగుబాటులో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురి పేర్లు పెట్టారు, ఒకటి పైన చెప్పిన మెక్‌డొనా పేరు మీద. ఆ టవర్లు కూడా యాభై ఏళ్ళు నిలబడలేదు, ఒక్కొక్కటే కూల్చేశారు. నేనొచ్చిన కొత్తలో అవి ఇంకా ఉండేవి.

ప్రశ్న: నా ఐరిష్ కొలీగ్ వాళ్ళ నానమ్మ టెనెమెంట్లో పెరిగారట. "తలుపులకు తాళాలుండేవి కావు, అందరూ ఒకే కుటుంబంలా ఉండేవాళ్ళు, ఆ రోజులే వేరు" అంటారట. మీరేమంటారు? (డబ్లిన్‌లోనే ఉంటున్న ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు)

జవాబు: తాళం వేసి కాపాడుకునేంత వస్తువేముంది బాబూ, సూటు తాకట్టు కొట్లో ఉంటే?

అలాగని ఆ నానమ్మగారు అబద్ధం చెబుతున్నారని కాదు. నేను విన్న ముసలివాళ్ళందరూ అదే చెప్పారు. ఒకరింట్లో పొయ్యి వెలగకపోతే పక్కింటి నుంచి గిన్నె వచ్చేది. పిల్లల్ని ఎవరు తిడతారో ఎవరు తినిపిస్తారో లెక్కలేదు. 1930లలో హర్బర్ట్ సిమ్స్ అనే ఆర్కిటెక్టు కార్పొరేషన్ తరఫున వేల ఇళ్ళు కట్టించాడు. ఊరి అంచున కాబ్రా, క్రమ్లిన్ వైపు చిన్న తోటతో, సొంత స్నానాల గదితో ఇళ్ళొచ్చాయి. అక్కడికి వెళ్ళినవాళ్ళు మొదటి రోజు కొళాయి తిప్పి చూస్తూ కూర్చున్నామని చెబుతారు. నెల తిరిగేసరికి ఆడవాళ్ళకి ఏడుపు. పలకరించే మనిషి లేదు, అరువిచ్చే కొట్టు లేదు, మార్కెట్టుకి రావాలంటే బస్సు ఛార్జీ. కూరగాయలకని చెప్పి మూర్ స్ట్రీట్ దాకా వచ్చేది కబుర్ల కోసమే.

కానీ ఒక తేడా గమనించాను. ఆ కాలం బాగుండేదని చెప్పేవాళ్ళు ఆ గదుల్లో పిల్లలుగా పెరిగినవాళ్ళు. అక్కడ తల్లులుగా బతికినవాళ్ళు నాకు ఒకరిద్దరే తగిలారు, వాళ్ళ నోట ఆ మాట రాలేదు. ఒకావిడని ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం అయింది, చూడ్డానికి తీసుకెళ్తారట అని అడిగితే, టిక్కెట్టు పెట్టి ఆ మెట్లెక్కాలా అని నవ్వింది. జనం ఒకరికొకరు సాయపడ్డారన్నది ఆ జనం గొప్ప. ఆ గొప్పని తీసుకెళ్ళి ఇంటి ఓనరు ఖాతాలో వేయకూడదు.

మ్యూజియం మాత్రం మీరు తప్పక చూడండి. 14వ నంబరులో చివరి కుటుంబాలు 1970ల చివర్లో ఖాళీ చేశాయి. కప్పు కారి, కూలడానికి సిద్ధంగా ఉన్న ఇంటిని డబ్లిన్ సిటీ కౌన్సిల్ (పాత కార్పొరేషనే) ఏళ్ళ తరబడి బాగుచేయించి 2018 సెప్టెంబరులో తెరిచింది. గైడు వెంట మాత్రమే వెళ్ళనిస్తారు, ముందే బుక్ చేసుకుంటే మంచిది. మీ కొలీగ్‌ని తీసుకెళ్ళండి, వీలైతే వాళ్ళ నానమ్మగారిని కూడా.

ప్రశ్న: మా అబ్బాయి మాస్టర్స్‌కి డబ్లిన్ వచ్చాడు. మీ వ్యాసం చదివి భయమేసింది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదిలో నలుగురు కుర్రాళ్ళు, రెండంతస్తుల మంచాలు. అద్దె చేతికి క్యాష్. ఇది చట్టమేనా? (గుంటూరు నుంచి ఒక తండ్రి)

జవాబు: కాదండీ. 1966 హౌసింగ్ చట్టంలో 63వ సెక్షను ఉంది. పడుకునే గదిలో మనిషికి 400 ఘనపుటడుగుల ఖాళీ ఉండాలి, అంతకు తగ్గితే అది కిక్కిరిసిన ఇల్లు కిందే లెక్క. ఇందులో ఒక మెలిక ఉంది. గది ఎంత ఎత్తున్నా ఎనిమిది అడుగుల వరకే లెక్కలోకి తీసుకుంటారు. హెన్రియెట్టా స్ట్రీట్ లాంటి సీలింగు చూపించి ఇంకో నలుగుర్ని తోయడానికి వీల్లేదన్నమాట. మీ అబ్బాయి గది 12 ఇంటు 10 ఇంటు 8, అంటే 960. ఇద్దరికి సరిపోతుంది. ముగ్గురికే 1,200 కావాలి, నలుగురికి 1,600.

ఇక డబ్బు సంగతి. అడ్వాన్సుగా ఒక నెల అద్దె, డిపాజిట్టుగా ఒక నెల అద్దె, అంతకు మించి అడగకూడదని 2021 నుంచి నియమం ఉంది. మీ అబ్బాయి పేరు అగ్రిమెంటులో ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం. ఇంటి ఓనరు ఒకరు, ఆయన దగ్గర అద్దెకు తీసుకుని మళ్ళీ మంచాల లెక్కన ఇచ్చేవాడు ఇంకొకడు అయితే, మనవాడికి హక్కులు బాగా తగ్గిపోతాయి. ఈ మధ్యవర్తి చాలాసార్లు మన తెలుగువాడే అయి ఉంటాడు, సిగ్గుతో రాస్తున్నాను.

టెన్షన్ పడి రేపే గొడవపెట్టుకోమని చెప్పకండి, గది పోతే ఇక్కడ ఇంకో గది దొరకడం చిన్న పని కాదు. ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి. క్యాష్ మానేసి బ్యాంకు నుంచి పంపమనండి. ఓనరు కుదరదంటే ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగమనండి, అదీ ఇవ్వకపోతే ఇచ్చిన తేదీ, మొత్తం వెంటనే ఓనరుకే మెసేజ్ పెట్టమనండి, అదే సాక్ష్యం. గది ఫొటోలు, టేపుతో తీసిన కొలతలు దగ్గర పెట్టుకోమనండి. థ్రెషోల్డ్ అని అద్దె ఇళ్ళవాళ్ళకు ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ ఉంది, ఫోన్ చేస్తే మీ అబ్బాయి పరిస్థితిలో ఏది వర్తిస్తుందో విడమరచి చెబుతారు. కాలేజీ స్టూడెంట్స్ యూనియన్లో కూడా ఇళ్ళ గొడవలు చూసేవాళ్ళుంటారు. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయని రాశారు కాబట్టి మారడం అవి అయ్యాకే పెట్టుకున్నా, ఆ ఫోన్ మాత్రం ఈ వారమే చేయమనండి.